మధ్యలో వదిలిన జాగా

"మీ మీద ఎవరెవరి ప్రభావం ఉందో చెప్పండి మేడమ్" అని అడిగింది ఆ పిల్ల, ఫోనులో రికార్డింగు నొక్కి బల్ల మీద పెడుతూ.

ఈ ప్రశ్న వింటే నాకు ఒళ్ళు మంట. ప్రభావం అనగానే ఎవరో నా నెత్తిమీద చెయ్యిపెట్టి నొక్కుతున్నట్టు ఉంటుంది. కానీ కసురుకోలేకపోయాను. నలభై ఏళ్ళుగా నేను వేసిన గట్లు, మడుగులు, రెల్లు, వాన ముందరి ఆకాశాలు అన్నిటినీ మొదటిసారి ఒకచోట చేర్చి, ఏళ్ళ వరసలో ప్రదర్శన పెడుతున్నారు గ్యాలరీవాళ్ళు. దానికి పుస్తకం రాసే పని ఈ పిల్లది. మంచిదే. ప్రశ్నలడగడం తప్ప వేరే దురలవాటేదీ ఉన్నట్టు లేదు. అందుకే నా మనసులో దానికి ప్రశ్నల పిల్ల అని పేరు పెట్టుకున్నాను.

"నువ్వు రాసుకొచ్చింది ముందు చదువు" అన్నాను.

చదివింది. పొగమంచులో కొండలు వేసిన దూరదేశాల గురువులు, మౌనం, లేమి, శూన్యం. "మీ ఇటీవలి చిత్రాలన్నిటిలో మధ్యభాగం దాదాపు ఖాళీగా ఉంటుంది. ఆ శూన్యం వెనక ఏదో పెద్ద దుఃఖం ఉందని..." అంటూ ఆగి నా మొహంలోకి చూసింది.

దుఃఖం ఉందేమోనని నేనూ ఒకప్పుడు వెతుక్కున్నాను. నడుంనొప్పి తప్ప ఏమీ దొరకలేదు.

"అది శూన్యం కాదమ్మాయ్, జాగా" అన్నాను. "మా అత్త నేర్పింది."

"ఆవిడా పెయింటరేనా?"

"పెయింటరంటే నిన్నూ నన్నూ కలిపి తిడుతుంది. ఫోటో స్టూడియోలో మనుషుల వెనక కట్టే తెరలు వేసేది."

ఆ పిల్ల రాసుకొచ్చిన కాగితాలు పక్కన పెట్టేసింది. అక్కడే నాకు దానిమీద ఇష్టం పుట్టింది.

మా మేనత్త, మామయ్య కలిసి బజారు మలుపులో ఫోటో స్టూడియో నడిపేవాళ్ళు. కింద స్టూడియో, పైన రెండు గదుల ఇల్లు. మామయ్య కెమెరా వెనక ఉండేవాడు, అత్త వేసిన తెర జనం వెనక ఉండేది. మా అమ్మా నాన్నా ఇద్దరూ ఉద్యోగాలకు పోయేవాళ్ళు కాబట్టి బడి వదలగానే నేను స్టూడియోకే చేరేదాన్ని. వెనక గదిలో అత్త నేలంతా బట్ట పరిచి, చీర కుచ్చిళ్ళు దోపుకుని, గోడలకు వెల్లవేసే కుంచెతో ఆకాశం పూస్తూ ఉండేది. నన్ను చూడగానే "చెప్పులు విప్పి రావే, నా మబ్బులు తొక్కుతావు" అని అరిచేది.

అప్పట్లో ఫోటోలన్నీ నలుపు తెలుపు. అందుకని తెరలూ అంతే. సుద్ద, మసి, జిగురు కలిపి బక్కెట్ల నిండా బూడిదరంగులు చేసేది, ఒకదానికంటే ఒకటి కొంచెం ముదురుగా. "ఆకుపచ్చ ఏదత్తా? చెట్లకి ఆకుపచ్చ వెయ్యవా?" అని అడిగాను ఒకసారి.

"కెమెరాకి ఆకుపచ్చ తెలీదే పిల్లా. ఎంత వెలుగు, ఎంత చీకటి, దానికి తెలిసింది అదొక్కటే. ముందు అది నేర్చుకో. రంగులెక్కడికీ పారిపోవు" అంది.

నిజంగానే పారిపోలేదు. ఈరోజుకీ నేను బొమ్మ మొదలుపెట్టేది బూడిదరంగుతోనే. రంగులు తమ వంతు వచ్చేదాకా కాచుకుని ఉంటాయి.

తెర వెయ్యడానికి అత్తకు కొన్ని కట్టుబాట్లుండేవి. ఆకాశం, నేల కలిసే గీత కూర్చున్నవాళ్ళ మెడ దగ్గరకు రాకూడదు. వచ్చిందా, ఫోటోలో పీక కోసినట్టుంటుంది. తల వచ్చేచోట చెట్టు ఉండకూడదు, ఉంటే పెళ్ళికొడుకు నెత్తిన కొమ్ములు మొలుస్తాయి. స్టూడియో కిటికీ ఎడమవైపు ఉంది కాబట్టి తెరమీద వెలుగు కూడా ఎడమనుంచే పడాలి. ఇక అన్నిటికంటే పెద్ద కట్టుబాటు, మధ్యలో ఏమీ వెయ్యకూడదు. "మధ్యలో జాగా డబ్బిచ్చి నిలబడేవాళ్ళది. మన పనితనమంతా అంచుల్లో చూపించుకోవాలి. తెర బాగుందని ఎవడైనా మెచ్చుకున్నాడంటే ఆ ఫోటో పాడైనట్టే" అనేది.

కొత్త తెర కట్టిన ప్రతిసారీ వాళ్ళబ్బాయిని, అంటే మా బావని, స్టూలు మీద కూర్చోబెట్టి పరీక్షించేవాళ్ళు. అందుకే మా బావ చిన్నప్పటి ఫోటోలు చూస్తే వాడు లోకంలోని ప్రతి ఏటి ఒడ్డునా ఏడుపు మొహంతో కూర్చున్నట్టు ఉంటుంది. ఒక్క ఏరు కూడా చూడలేదు పాపం.

రంగుల ఫిల్ము వచ్చాక అత్తకు తల ప్రాణం తోకకొచ్చింది. ఎంతో ముచ్చటపడి నీలం డబ్బా కొనుక్కొచ్చి, అసలైన ఆకాశం అంటే ఏమిటో జనానికి చూపిస్తానని తెర నిండా పూసింది. దాని ముందు నిలబడినవాళ్ళంతా ఫోటోల్లో కామెర్లు వచ్చినవాళ్ళలా పడ్డారు. "ఇదే తెర తీసుకెళ్ళి ఆస్పత్రి ఎదురుగా కొట్టు పెట్టుకుందామా" అన్నాడు మామయ్య. అత్త వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. తర్వాత ఆ నీలంలో పాత బూడిదరంగు బక్కెట్టు బక్కెట్టంతా కుమ్మరించి, "రంగుని చంపాలే పిల్లా. సగం చంపితేగాని పక్కవాణ్ణి బతకనివ్వదు" అని నాకు చెప్పింది. నా ఆకాశాలు బాగుంటాయని నలుగురూ అంటారు. ఆ నీలం మా అత్త చంపిన నీలమే.

ఇదంతా చెబుతుంటే ప్రశ్నల పిల్ల ఫోను వైపు చూడడం కూడా మర్చిపోయింది. "మరి కాలేజీలో?" అంది చివరికి.

కాలేజీలో మా మాస్టారు దేవుడిలాంటి మనిషి. ఆయన పేరు చెప్పుకోకుండా ఒక్క పూట కూడా కుంచె పట్టను. మమ్మల్ని ఏటి ఒడ్డుకు తీసుకెళ్ళి, సంచులు విప్పనివ్వకుండా పొద్దుటంతా నీళ్ళకేసి చూడమనేవాడు. మధ్యాహ్నానికి గాని నీడలో ఊదా ఉందని కనిపించేది కాదు. కనిపించాక మళ్ళీ నలుపుగా చూద్దామన్నా కుదిరేది కాదు. కుంచె పక్కనపెట్టి కత్తితో రంగు పెట్టడం కూడా ఆయనే నేర్పాడు. అయితే నా మొదటి బొమ్మ చూసి ఆయన గడ్డం గోక్కుని, "అన్నీ అంచుల్లో పెట్టావు, మధ్యలో ఏదమ్మా? నీ బొమ్మకి అన్నం పెట్టలేదా?" అన్నాడు.

అన్నం పెట్టాను. మధ్యలో కొండ పెట్టాను, కొండ ముందు పడవలు పెట్టాను, పడవల్లో గంపలు పెట్టాను. అంచుల్లో ఉత్త ఆకాశం, ఉత్త నీళ్ళు. ఆ ఏడాది కాలేజీ ప్రదర్శనకు అత్త వచ్చింది. స్టూడియో మూసి మరీ వచ్చింది. నా బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, అందరూ వినేటట్టు "ఇంత సామాను పెట్టావు, మనుషులెక్కడ నిలబడతారే?" అంది. నా తోటివాళ్ళు పడీపడీ నవ్వారు. అత్త కూడా నవ్వేసింది. మళ్ళీ నా ప్రదర్శన దేనికీ రాలేదు.

ఎన్నిసార్లు పిలిచానో. ఆదివారం అంటే గిరాకీ ఉందనేది. స్టూడియో మూసేశాక మోకాళ్ళనేది. "బొమ్మలు నేను చూసి చేసేదేముంది, చదువుకున్నవాళ్ళు చూస్తున్నారుగా" అనేది. ఆ మాటలో ఆ పాత నవ్వు ఇంకా ఉందని నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు. ఇద్దరం ఎప్పుడూ పైకి అనుకోలేదు.

"మరి ఆ పడవలు, గంపలు ఎప్పుడు పోయాయి?" అని అడిగింది ప్రశ్నల పిల్ల.

మామయ్య చనిపోయిన ఏడాది పోయాయి. అప్పటికి ఫోటోలకు స్టూడియోకి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. కింది భాగం ఫోన్లు బాగుచేసేవాళ్ళకు అద్దెకిచ్చేశారు. గది ఖాళీ చేయడానికి నేనూ వెళ్ళాను. చివరి తెర ఇంకా గోడకు కట్టే ఉంది. అత్త చీపురుతో మూలలన్నీ ఊడ్చి ఊడ్చి, అలిసిపోయి ఆ తెర ముందు ఒక్క క్షణం నిలబడింది. మోచేతి దాకా దుమ్ము, ముడి ఊడిన జుట్టు, చేతిలో చీపురు. తెరమీది రెల్లు, గట్టు, వెలుగు, అన్నీ ఒక్కసారిగా ఆవిడ చుట్టూ చేరి సర్దుకున్నాయి. ఆ రెల్లు అలా ఎందుకు వంగిందో, ఆ వెలుగు అక్కడే ఎందుకు ఆగిందో అప్పుడర్థమైంది నాకు. అన్నాళ్ళూ అవి మనిషి కోసం చోటిచ్చి పక్కకు తప్పుకుని నిలబడ్డాయి.

ఇంటికొచ్చి, సగం వేసిన బొమ్మలోంచి పడవల్ని కత్తితో గీకి పారేశాను. అప్పట్నుంచీ ఇంతే. మధ్యలో ఏమీ పెట్టను. జనం దాన్ని మౌనమన్నా, శూన్యమన్నా ఊరుకుంటాను. నాకు మాత్రం ఆ జాగాలో చీపురు పట్టుకున్న మా అత్తే కనిపిస్తుంది.

"ఆవిడకి ఈ సంగతి తెలుసా?"

"చూస్తేగా తెలిసేది!" అన్నాను. గొంతు కొంచెం ఎక్కువగానే లేచింది. "ఇప్పుడు ఆవిడ కళ్ళు పోతున్నాయి."

ఆ మాట బావ ఫోన్లో చెప్పినప్పటినుంచీ నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. రెండు కళ్ళూ మసకబారుతున్నాయట. చుక్కల మందుకూ కళ్ళజోడుకూ లొంగే రకం కాదట. అంతకుమించి బావకీ తెలీదు, ఎందుకంటే డాక్టరు గదిలోకి అత్త ఎవర్నీ వెంట రానివ్వదు. నా బతుకంతా ఆవిడ పెట్టిన విద్యతో గడిచింది. ఆ విద్య ఎక్కడిదాకా వచ్చిందో ఆవిడ ఒక్కసారైనా కళ్ళారా చూడాలి. చూపు పూర్తిగా పోకముందే చూడాలి. ఈ ప్రదర్శన నుంచి నాకు కావలసింది అదొక్కటే. మెప్పులూ పుస్తకాలూ ఉంటే ఉంటాయి, పోతే పోతాయి.

మర్నాడే అత్త ఇంటికి వెళ్ళాను. మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు వేళ్ళతోనే తడిమి ఈనెలు తీస్తోంది. నేను ఎదురుగా కూర్చుంటే నా భుజం పక్కన గోడకేసి చూస్తూ మాట్లాడింది. ఈమధ్య ఇదొకటి అలవాటైంది ఆవిడకు. నామీద కోపమొస్తే మొహం చూడదు కదా అనుకుని నేనూ పట్టించుకోలేదు.

"రేపు రావాలత్తా. గ్యాలరీ తెరవకముందే, జనం లేనప్పుడే తీసుకెళ్తా."

"నాకెందుకే. గుడ్డిదాన్ని తీసుకెళ్ళి బొమ్మలు చూపిస్తావా? జనం నిన్ను చూసి నవ్వుతారు."

"ఎవరైనా నవ్వితే పళ్ళు రాలగొడతా."

"నీకు నా నోరే వచ్చింది" అంది, కొంచెం సంతోషంగానే. కానీ కదల్లేదు. బతిమాలాను, అలిగాను, చిక్కుడుకాయల గిన్నె లాక్కున్నాను. బండరాయికైనా జాలి పుట్టేది. ఇక ఆవిడ తత్వం తెలుసు కాబట్టి చివరి అస్త్రం తీశాను.

"సరే రాకు. లైట్లు ఎవరో కుర్రాళ్ళు బిగించారు. బొమ్మల మీద ఎలా పడుతున్నాయో ఏమో. నాకైతే ఏదో తేడాగానే ఉంది. పోనీలే, ఎలా ఉంటే అలా ఉంటుంది."

అత్త చేతులు ఆగిపోయాయి. "పైనుంచి కొట్టారా, పక్కనుంచా?"

"ఏమో, నాకేం తెలుసు."

"తెలీకపోతే ఎలాగే? పైనుంచి తిన్నగా కొడితే రంగు తెల్లబోతుంది!" అని గిన్నె పక్కన పెట్టి, "వాణ్ణి పొద్దున్నే కారు తియ్యమను" అంది.

పొద్దున్నే బావ కారు తీశాడు. అత్త ఇస్త్రీ చీర కట్టుకుని, నల్ల కళ్ళజోడు పెట్టుకుని, పెళ్ళికి వెళ్తున్నట్టు వచ్చింది. గ్యాలరీ తలుపు దగ్గర ప్రశ్నల పిల్ల ఎదురొచ్చింది. బొమ్మల ముందు నడుమెత్తు తాడు కట్టి ఉంది, ఎవరూ మరీ దగ్గరకు పోకుండా. అత్త మెడ పైకెత్తి, లోపల అడుగుపెడుతూనే "పక్కనుంచే కొట్టారు. ఫరవాలేదు" అంది. పని అయిపోయినట్టు వెనక్కి తిరగబోయింది. చెయ్యి పట్టుకుని ఆపాను.

మొదటి గదిలో కాలేజీ రోజులవి, ఆ తర్వాతి ఏళ్ళవి. కొండలు, పడవలు, గంపలు. పెద్ద బొమ్మ ఎదురుగా అత్తను నిలబెట్టాను. నల్లద్దాలు తీసింది.

"ఏం కనిపిస్తోందత్తా?"

"ఫ్రేము బాగుంది" అంది.

బావ దగ్గాడు. అత్త ఇంకాసేపు చూసి, తల అటూ ఇటూ తిప్పింది. "చుట్టూ ఉత్త తెలుపే. మధ్యలో ఏదో పొగ. ఏదో ఉందని తెలుస్తోంది, ఏదో తెలీడం లేదే." పక్క బొమ్మ దగ్గరకు తీసుకెళ్ళాను. అక్కడా పొగే. దాని పక్కదానిలోనూ పొగే. ప్రతిదాని ముందూ బుద్ధిగా నిలబడి, నా మనసు కష్టపెట్టకూడదని "బాగానే ఉన్నట్టుంది" అంటోంది. ఆ నోటినుంచి అంత మెత్తటి మాట నేనెప్పుడూ వినలేదు. దానికంటే నన్ను తిట్టినా బాగుండేది.

ఆలస్యమైపోయిందని నాకర్థమైంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆవిడకు కనపడవు కాబట్టి తుడుచుకోలేదు. బావ నా మొహం చూసి, "ఇక చాలమ్మా, వెళ్దామా?" అన్నాడు.

"లైట్లు చూడమని పిలిచి ఒక్క గది చూపిస్తారా?" అంది అత్త. "ఆ పక్క గదిలో వెధవలు ఎలా కొట్టారో."

పక్క గదిలోవన్నీ పడవలు గీకేశాక వేసినవి. నేను ఆశ వదిలేసుకుని, ఊరికే మొదటిదాని ముందు నిలబెట్టి పక్కకు తప్పుకున్నాను.

అత్త చాలాసేపు బొమ్మ నడిమధ్యలోకి చూపు నిలిపి, తల కదపకుండా నిలబడింది. తర్వాత చెయ్యెత్తి, గాల్లో ఎడమపక్కకు చూపించింది.

"రెల్లు" అంది. "వానకి తడిసింది. తలలు బరువుగా వంచింది. దాని కింద గట్టు. గట్టు మీద కాలిదోవ."

నేను దగ్గరకు జరిగాను.

"కుడిపక్క కర్ర పాతి ఉంది. కొంచెం ఒరిగింది. దానికేదో కట్టావు. తాడా?"

"తాడే అత్తా."

"పైన మబ్బు. నీలాన్ని బాగా చంపావు. ఇంత బాగా నేనూ చంపలేదు." అని ఆగి, మొహం చిట్లించింది. "వెలుగేమిటే కుడినుంచి తెచ్చావు? ఎడమనుంచి కదా రావాలి?"

"మీ స్టూడియో కిటికీ లేదు కదత్తా ఇక్కడ" అన్నాను. ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలీడం లేదు. "నీకు కనిపిస్తోందా? నిజంగా కనిపిస్తోందా?"

"అంచులు కనిపిస్తాయే. నడిమిదే పోయింది. ఎటు చూస్తే అటు, చూసిన చోటే మధ్యలో పొగ కమ్ముతుంది. చుట్టూ ఉన్నది మాత్రం తెలుస్తుంది. నీ మొహం చూడాలంటే నీ పక్కనున్న గోడ చూడాలి. ఇంకేం చెయ్యను?"

అంటే ఇన్నాళ్ళూ గోడకేసి చూసింది నన్ను చూడడానికి. కోపమనుకున్నాను నేను. ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుని, ఎప్పట్నుంచో చెప్పాలనుకున్నది చెప్పేశాను. "అత్తా, నాకొచ్చిందంతా నీ దగ్గర నేర్చుకున్నదే. మాస్టారు కళ్ళు తెరిపించాడు, కాదనను. కానీ చెయ్యి నీది. ఈ గదిలో ఉన్నవన్నీ నీ తెరలే."

అత్త నా మాట విందో లేదో. బొమ్మకేసే చూస్తూ నిట్టూర్చింది.

"అంచులే ఇంత బాగా వేశావంటే మధ్యలో ఇంకెంత బాగా వేసుంటావో. అది చూసే యోగం లేదు నాకు. పోనీ నోటితో చెప్పు. మధ్యలో ఏం పెట్టావు? పడవా?"

"ఏమీ పెట్టలేదత్తా. ఖాళీ."

అత్త మూతి ముడిచింది. "ముసలిదాన్ని ఓదారుస్తున్నావా?"

"ఒట్టు."

"నీ ఒట్లు నాకు తెలుసు. ఒరే, నువ్వు చెప్పరా, మధ్యలో ఏముంది?"

"ఏమీ లేదమ్మా, ఉత్త బూడిదరంగు" అన్నాడు బావ.

"నువ్వెప్పుడూ దాని పక్షమే." అత్త ప్రశ్నల పిల్ల అడుగుల చప్పుడు వచ్చినవైపు తిరిగింది. "అమ్మాయ్, నువ్వు బయటిదానివి. చదువుకున్నదానివి. నిజం చెప్పు. అక్కడ ఏముంది?"

ప్రశ్నల పిల్లను అంతకుముందు ఎవరూ ప్రశ్న అడిగినట్టు లేదు. తడబడింది. "అక్కడ... ఒక మౌనం ఉందండీ" అంది.

"చూశావా!" అత్త నా భుజం మీద ఒక్కటిచ్చింది. "ఏదో ఉందంటోంది! నాకు కనపడదని ముగ్గురూ కలిసి దాస్తున్నారు."

నేను నెత్తి కొట్టుకున్నాను. ఎంత చెప్పినా ఆవిడ వినదు. జీవితాంతం తనకు కనిపించనిది ఒకటి అక్కడుందనే అనుకుంటుంది. అసలైనది చూడలేకపోయాననే ఇంటికి పోతుంది. ఆ పిల్ల మొహం పాలిపోయింది. తను అన్న మాట ఎక్కడికి పోయిందో దానికి వెంటనే తెలిసింది. అటూ ఇటూ చూసి, వెళ్ళి బొమ్మ ముందు కట్టిన తాడు కొక్కెం విప్పేసింది. గ్యాలరీలో అది ఉద్యోగం పోయేంత పని. మళ్ళీ వచ్చి అత్త చెయ్యి పట్టుకుని "రండమ్మా, మీరే చూసుకోండి" అంది.

ఆ పిల్లకు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

అత్త వేళ్ళు ముందు ఎడమ అంచున ఆనాయి. అక్కడ రంగు కత్తితో పెట్టింది, మందంగా ఉంటుంది. రెల్లు పోచ పోచా తడిమింది. గట్టు మీదికి దిగింది, కాలిదోవ వెంట కొంచెం దూరం నడిచింది. ఒక్కోచోట గరుకు తగిలినప్పుడల్లా తల ఊపింది. తర్వాత వేళ్ళు మెల్లిగా మధ్యలోకి జరిగాయి. గరుకు పలచబడింది, తర్వాత అసలు లేదు. అక్కడ పూసింది ఒక్క పలచటి పూత, బట్ట పోగులు వేలికి తగిలేటంత పలచన.

అరచెయ్యి మొత్తం అక్కడ ఆనించింది. పైకి జరిపింది, కిందికి జరిపింది, కుడివైపు కర్ర తగిలేదాకా జరిపి మళ్ళీ వెనక్కి తెచ్చింది. ముసలి చెయ్యి, గోళ్ళ మొదట్లో ఆనాటి మసి ఇంకా పూర్తిగా వదలనట్టే ఉంది.

"బట్టే" అంది చివరికి, చిన్న గొంతుతో. "ఏమీ లేదు."

"చెప్పానుగా అత్తా."

"జాగా వదిలావు."

"వదిలాను."

ఆవిడ చెయ్యి తీసి, రెండడుగులు వెనక్కి వేసి, మళ్ళీ బొమ్మ నడిమధ్యలోకి చూపు నిలిపింది. రెల్లు, గట్టు, ఒరిగిన కర్ర, చంపిన నీలం, అన్నిటినీ ఒక్కొక్కటే లెక్క చూసుకున్నట్టు పెదాలు కదిలాయి.

"అయితే మొత్తం చూశానన్నమాట" అంది.

ఆవిడ నా వైపు తిరిగి, నా పక్కనున్న గోడను కాసేపు శ్రద్ధగా చూసింది. నేను కదలకుండా నిలబడ్డాను, బాగా చూసుకోనీ అని.

"ఏడవకే, కళ్ళు ఉబ్బుతాయి" అంది. "ఆ మూలనున్న కుర్చీ ఇలా లాగి రెండోది చూపించు."